పేలని బాంబు చెప్పే సాక్ష్యం



పోయిన నెల రెండవ శనివారం మన యవ్వనస్థులను, సండే స్కూల్ పెద్ద పిల్లలను విశాఖపట్నం తీసుకెళ్లాం. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే చూసేశారు. పులిహోర ఎవరు చేశారు, వ్యానులో ఎవరికి వాంతులయ్యాయి అన్న వివరాలు కూడా మీకు అందే ఉంటాయి, కాబట్టి అవి వదిలేస్తున్నాను. బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో ఒక వస్తువు దగ్గర జరిగిన మాట గురించి మాత్రం రాయాలి. అది జరిగి ఇన్ని రోజులైనా నా మనసులోంచి పోలేదు.

ఆ వస్తువు ఒక బాంబు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు విశాఖ మీద వేసినది, పేలకుండా మిగిలిపోయినది. ఇప్పుడు చూస్తే ఇనుప గొట్టంలాగా ఉంటుంది, పిల్లలు ఊహించుకున్నంత భయంకరంగా ఏమీ ఉండదు. మన ఊరి వాళ్లకు ప్రపంచ యుద్ధం అంటే ఎక్కడో ఐరోపాలో జరిగిందన్న భావన ఉంది. అది మన సముద్రం దాకా వచ్చిందని పిల్లల్లో సగం మందికి అక్కడే తెలిసింది. అందుకని ఆ కథ కొంచెం చెప్పాను. మీకూ చెప్పనివ్వండి.

1942 ఏప్రిల్ 5 ఏ రోజో తెలుసా? పునరుత్థాన పండుగ ఆదివారం. ఆ ఉదయమే జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. ఇంగ్లీషు చరిత్ర పుస్తకాలు దాన్ని ఈస్టర్ ఆదివారపు దాడి అనే పిలుస్తాయి. అదే సమయంలో జపాన్ నౌకల మరో దండు బంగాళాఖాతంలో తిరుగుతూ వర్తక నౌకలను ముంచుతూ ఉంది. మరునాడు, ఏప్రిల్ 6 సోమవారం, ఆ దండులోని రియుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశాఖ ఓడరేవు తెరిచి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, అది 1933 నాటిది. ఓడలు కట్టే యార్డుకు అంతకు ముందు సంవత్సరమే, 1941 జూన్‌లో, బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. శత్రువు కన్ను పడటానికి అవి చాలు. బాంబులు పడ్డాక జనం మూటాముల్లె కట్టుకుని పట్నం ఖాళీ చేసి పల్లెలకు పారిపోయారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి, 'బాంబుల ఏడాది' కబుర్లు వాళ్ల అమ్మానాన్నల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇక్కడ ఒక్క మాట. లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖలో అడుగుపెట్టింది 1805లో. అంటే బాంబులు పడేనాటికే ఆ పట్నంలో సువార్తకు నూటముప్పై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆదివారం నాడు ప్రభువు లేచెను అని సంతోషించిన జనం మీదే సోమవారం బాంబులు పడ్డాయి. ఆ సోమవారం నాకు మొన్నటిదాకా కేవలం చరిత్ర. ఇప్పుడు దాన్ని వాక్యంతో కలిపి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

సరే, నేను ఇదంతా చెప్పగానే మన యవ్వనస్థుల్లో ఒకబ్బాయి చేతులెత్తి, "స్తోత్రం! దేవుడు ఎంత గొప్ప కార్యం చేశాడండి, బాంబు పేలకుండా ఆపేశాడు," అన్నాడు. మిగతా పిల్లలు ఆమెన్ అన్నారు. మంచి పిల్లవాడు, విశ్వాసంతోనే అన్నాడు. అప్పుడు మాతో సాయానికి వచ్చిన ఒక అక్కయ్య, పిల్లల మంచినీళ్ల సీసాల సంచి పట్టుకుని వెనక నిలబడి ఉంది. ఆమె మెల్లిగా నాతో, "పేలందాన్నే చూపెడతన్నారండి అయ్యగారూ. పేలినవి ఎవులింటి మీద పడ్డాయో మరి," అంది.

ఆమె ఎవరో చెప్పను. ఇది రాయడానికి ఆమెను అడిగాను, రాయమంది. 2021లో రెండో విడత కరోనాలో ఆమె భర్త పోయాడు. ఆయన కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. అదే వారం, అదే ఆసుపత్రికి వెళ్లిన మరొక సహోదరుడు బతికి వచ్చాడు. మందిరాలు తెరిచాక మొదటి ఆదివారం ఆ కుటుంబం సాక్ష్యం చెప్పింది. ప్రార్థించాం కనుక దేవుడు కాపాడాడు, దశమభాగం మానలేదు కనుక దేవుడు విడిచిపెట్టలేదు అని. సంఘం చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఈ అక్కయ్య సాక్ష్యాల సమయం వచ్చేసరికి లేచి బయటికి వెళ్తుంది. పిల్లల చెప్పులు సర్దుతూనో, కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతూనో ఉంటుంది. వాక్యం మొదలయ్యాక లోపలికి వస్తుంది. గమనించినవాళ్లు కొందరు ఆమెకు ఆత్మీయత తగ్గిందని అనుకుంటున్నారు కూడా.

పేలని బాంబును గాజు పెట్టెలో పెట్టి చూపించవచ్చు. పేలినదాన్ని చూపించడానికి ఏమీ మిగలదు. 1942 ఏప్రిల్ 6న కూడా మనుషులు చనిపోయారు. వాళ్లూ ఎవరికో భర్తలు, ఎవరికో కొడుకులు. తప్పించుకున్నవాడికి నోరుంది, వేదిక ఉంది, మైకు ఉంది. కూలినవాడి తరఫున మాట్లాడటానికి మిగిలింది చెప్పులు సర్దుతున్న భార్య.

నేను సాక్ష్యాలకు వ్యతిరేకిని కాను. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్కడే తిరిగివచ్చాడని ప్రభువు బాధపడ్డాడు. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదు. నాకు పేచీ ఉన్నది ఒక్క మాటతో. 'కనుక' అన్న మాట. "దేవుడు నన్ను బతికించాడు, ఆయనకు స్తోత్రం" అంటే అది సాక్ష్యం. "నేను ఫలానాది చేశాను కనుక దేవుడు నన్ను బతికించాడు" అంటే, పక్కింటివాడు ఆ ఫలానాది చేయలేదు కనుక చచ్చాడని చెప్పినట్టే. మన ఉద్దేశం అది కాకపోవచ్చు, కానీ వినేవాళ్ల చెవికి అలాగే చేరుతుంది. హుద్‌హుద్ తుఫాను గుర్తుంది కదా, 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే. ఆ తర్వాత మన జిల్లాల్లో ఎన్ని మందిరాల్లో ఎన్ని సాక్ష్యాలు! చుట్టూ రేకులన్నీ లేచిపోయాయి, మా రేకు ఒక్కటి కదల్లేదు అని. రేకులు లేచిపోయినవాళ్లలో విశ్వాసులు లేరా? మందిరాల రేకులే లేచిపోయాయి కదా!

చాలా ఇళ్ల గుమ్మాల మీద తొంభై ఒకటవ కీర్తన వాక్యం క్యాలెండరుగానో స్టిక్కరుగానో ఉంటుంది. చుట్టూ ఎందరు కూలినా దేవుణ్ణి ఆశ్రయించినవాడికి హాని రాదన్న భావం ఉన్న చోటు. దేవుని వాక్యం అది, దానిలో అబద్ధం లేదు. కానీ అదే కీర్తనను దేవాలయ శిఖరం మీద ప్రభువుకు ఎత్తి చూపినవాడు ఎవడో మత్తయి నాలుగవ అధ్యాయంలో చూడండి. ఇక్కడి నుంచి దూకు, నీకేమీ కాదని వాగ్దానం ఉంది కదా అన్నాడు వాడు. ప్రభువు దూకలేదు. మూడున్నర ఏళ్ల తర్వాత సిలువ మీద, ఇతరులను రక్షించాడు, తనను తాను రక్షించుకోలేడా అని జనం హేళన చేసినప్పుడు దిగనూ లేదు. తప్పించుకోవడమే దేవుని ప్రేమకు రుజువైతే, ఆ శుక్రవారం తండ్రి కుమారుణ్ణి ప్రేమించలేదనాలి. అలా ఏ క్రైస్తవుడూ అనడు.

సిలోయము గోపురం సంగతి మీకు చాలాసార్లు చెప్పాను, అది లూకా పదమూడవ అధ్యాయం. గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులు అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని ప్రభువే జవాబిచ్చాడు. దాని మీద ఇంకా వివరణ అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది అపొస్తలుల కార్యములు పన్నెండవ అధ్యాయం. మనం ఆ అధ్యాయాన్ని పేతురు విడుదల అధ్యాయం అంటాం. సంకెళ్లు ఊడిపడటం, ఇనుప తలుపు దానంతట అదే తెరుచుకోవడం, రొదే అనే చిన్నది సంతోషం పట్టలేక తలుపు తీయడం మరిచి లోపలికి పరుగెత్తడం, సండే స్కూల్లో నాటకంగా కూడా వేశాం. కానీ అధ్యాయం మొదలయ్యేది పేతురుతో కాదు. రెండవ వచనంలోనే హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపిస్తాడు. ఒక్క వాక్యం, అంతే. దూత రాలేదు. తలుపు తెరుచుకోలేదు. యాకోబు చిన్నవాడా? రూపాంతర కొండ ఎక్కిన ముగ్గురిలో ఒకడు. గెత్సేమనేలో ప్రభువు వెంట ఉన్నవాడు. పేతురుకు ఉన్న దగ్గరతనమంతా యాకోబుకూ ఉంది. ఒకే రాజు, ఒకే సంఘం, ఒకే రోజులు. ఒకడు పోయాడు, ఒకడు వచ్చాడు. ఎందుకు అని లూకా రాయలేదు. వైద్యుడు ఆయన, అంతా విచారించి వరుసగా రాసినవాడు, ఇక్కడ కారణం రాయకుండా వదిలేశాడు. మనం ఆ ఖాళీని మన 'కనుక'తో పూడుస్తున్నాం.

యాకోబు తల్లిని తలుచుకోండి. జెబెదయి భార్య. తన ఇద్దరు కొడుకులను నీ రాజ్యంలో కుడివైపున ఒకణ్ణి, ఎడమవైపున ఒకణ్ణి కూర్చోబెట్టమని ప్రభువును అడిగింది ఆవిడే. సిలువ దగ్గర దూరంగా నిలబడి చూసిన స్త్రీలలోనూ ఉంది. పేతురు తలుపు తట్టిన రాత్రి మరియ ఇంట్లో కూడి ప్రార్థిస్తున్నవారిలో ఆవిడ ఉందని రాయలేదు, లేదని కూడా రాయలేదు. ఉందనుకుందాం ఒక్క నిమిషం. లోపల అందరూ ఆశ్చర్యంతో కేకలు వేస్తుంటే ఆ తల్లి ఎటు చూస్తూ ఉండి ఉంటుంది? ఆ గదిలో మన చప్పట్లు ఆమె చెవికి ఎలా వినబడేవి?

పేతురు ఏం చేశాడో చూడండి. నిశ్శబ్దంగా ఉండమని చెయ్యి ఊపాడు. ప్రభువు తనను చెరసాల నుంచి ఎలా బయటికి తెచ్చాడో చెప్పాడు. సహోదరులకు తెలియజేయమన్నాడు. బయలుదేరి వేరే చోటికి వెళ్లిపోయాడు. సాక్ష్యం అయిపోయింది. మన దగ్గర ఇరవై నిమిషాలు తీసుకునే సోదరులు కొందరున్నారు, ప్రేమతోనే అంటున్నాను, ఆ పదిహేడవ వచనం ఒకసారి చదువుకోండి. అందులో పేతురు గురించి ఒక్క గొప్ప మాట లేదు. తాను ఎంత ప్రార్థించాడో లేదు. నిజానికి దూత వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు.

హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయం కూడా ఇలాగే ఉంటుంది, మనం సగంలో ఆపేస్తాం గానీ. విశ్వాసం వల్ల కత్తి వాత నుంచి తప్పించుకున్నవారి గురించి ముప్పై నాలుగో వచనంలో ఉంది. మూడు వచనాలు దాటగానే, ముప్పై ఏడులో, అదే విశ్వాసంతో కత్తికి బలైనవారు ఉన్నారు. రెండు గుంపులనూ కలిపి, వీరందరూ విశ్వాసం వల్లనే సాక్ష్యం పొందారని పత్రిక అంటుంది. మన తెలుగు బైబిలులో అక్కడ ఉన్నది సాక్ష్యము అన్న మాటే, గమనించండి. చనిపోయినవారు మన వేదికెక్కి సాక్ష్యం చెప్పలేరు, కానీ వారి గురించి దేవుడే సాక్ష్యం చెప్పాడు. మరి వారి ఇంటివాళ్లను మనం చెప్పుల దగ్గరికి పంపిస్తున్నామెందుకు?

మ్యూజియం తర్వాత కురుసుర జలాంతర్గామికి వెళ్లాం. అది 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పని చేసింది. 2002 నుంచి బీచ్‌లో ఇసుక మీద ప్రదర్శనశాల. పిల్లలకు అదే నచ్చింది, నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. సుమారు తొంభై మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో డెబ్బైకి పైగా మనుషులు రోజుల తరబడి ఉండేవారట. టార్పెడోల పక్కనే పడక. పొడుగ్గా ఉన్న మన కుర్రవాడొకడు నడిచినంతసేపూ తల కొట్టుకుంటూనే ఉన్నాడు. లోపల దారి చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దలు. ఎంత ఓపికగా చెప్పారో!

బయటికి రాగానే కుర్రాళ్లంతా ఘాజీ కబుర్లు. సినిమా చూశారు కదా, 2017లో వచ్చింది. 1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి విశాఖ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక దాన్ని ముంచిందని మన నౌకాదళం అంటుంది, దానిలోనే పేలుడు జరిగిందని వాళ్లంటారు. మునిగింది మాత్రం నిజం, తొంభైకి పైగా మనుషులతో. ఎదురుగా యుద్ధ స్మారకం ఉంది. మన సైనికులను తలుచుకుని ప్రార్థన చేశాం. అయిదు రోజుల తర్వాత, డిసెంబరు 9న, అరేబియా సముద్రంలో మన ఖుక్రీ నౌక మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. తప్పించుకునే వీలున్నా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన నౌకను విడిచిపెట్టలేదు. విశాఖ తప్పించుకున్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పాలి, నేనూ చెప్పాను. అయితే ఘాజీ విషయంలో దేవుడు మన పక్షాన ఉన్నాడని లెక్కగడితే ఖుక్రీ విషయంలో ఏమనాలి? ఆ నావికుల తల్లులు సరిగ్గా ప్రార్థించలేదనాలా? ఆ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. శత్రువు కోసం ప్రార్థించమన్న ప్రభువు మాట ప్రకారం ఘాజీలోని వారి ఇళ్ల కోసం కూడా ప్రార్థన చేయించాను. ఒకరిద్దరు కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. ఫరవాలేదు, ఆ ఆజ్ఞ మొదట విన్నవాళ్లూ అలాగే చూసుకుని ఉంటారు.

తిరుగు ప్రయాణంలో ఆ అక్కయ్య పక్కన కూర్చున్న మామ్మగారు ఒక సంగతి చెప్పింది. మన వైపు పెద్దవాళ్లకు 'రంగం' అంటే తెలుసు, రంగూన్. కూలి కోసం, రేవులో మూటలు మోయడానికి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలకొద్దీ తెలుగువాళ్లు ఓడెక్కి వెళ్లేవారు. 1941 డిసెంబరులో జపాన్ రంగం మీద బాంబులు వేసింది. మార్చిలో ఊరు చేజిక్కించుకుంది. అక్కడున్న మన దేశస్థులు లక్షలమంది అడవుల్లోంచి, కొండల్లోంచి నడిచి వచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్లు వేలమంది. మామ్మగారి పెద్ద మేనమామ ఆ దారిలో బయలుదేరి ఇంటికి చేరలేదు. ఆయనతో బయలుదేరిన పక్కవీధి ఆయన చేరాడు. చేరినాయన మనవలు ఇప్పటికీ మన సంఘంలో ఉన్నారు, వాళ్ల తాత ఎలా నడిచి వచ్చాడో ఎన్నోసార్లు చెప్పగా విన్నాం. రెండో ఆయన మాట మందిరంలో ఎవరూ ఎత్తలేదు. "మాయమ్మ సచ్చినదాకా రంగపోళ్లు వచ్చారంటే వీధి చివరిదాకా వెళ్లి చూసొచ్చేది," అంది మామ్మగారు. అక్కయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. మిగతా దారంతా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు, వెనక కుర్రాళ్లు పాటలందుకున్నారు.

సంఘ పెద్దలతో మాట్లాడాను. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి సాక్ష్యాల సమయం ఇలా ఉంటుంది. మొదట పేర్లు చదువుతాం. మనం ప్రార్థించినా తిరిగి రానివారి పేర్లు. జబ్బు, తుఫాను, రోడ్డు ప్రమాదం, ఏదైనా సరే, కారణం చదవం. పేరు మాత్రమే. ఒక నిమిషం మౌనంగా ఉంటాం. ఆ తర్వాత మేలు పొందినవారు లేచి సాక్ష్యం చెప్పండి, సంతోషంగా చెప్పండి, చప్పట్లు కొడదాం. ఇలా చేస్తే సాక్ష్యాలు చప్పబడిపోతాయేమోనని ఒక పెద్దాయన సందేహపడ్డారు. ఒకే అధ్యాయంలో రెండో వచనం, పదిహేడో వచనం రెండూ ఉన్నాయి కదండీ అన్నాను. సరే చూద్దాం అన్నారు.

మీ ఇళ్లలోనివారి పేర్లు శనివారం సాయంత్రం కూడికలోపు మన సెక్రటరీ గారికి రాసి ఇవ్వండి. బయట ఊళ్లలో ఉన్నవాళ్లు గ్రూపులో పెట్టవద్దు, నాకు విడిగా పంపండి. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. వాటిలో ఒకటి రంగం దారిలో పోయినాయనది. ఏ రోజు పోయాడో తెలియదు, ఏ ఊరి దగ్గరో తెలియదు. పేరు ఒక్కటే మామ్మగారికి గుర్తుంది, అది కూడా ఇంటిపేరుతో సహా.